ఆటలోని అంగడి – మగ్గమెవరిది?

2021 ఆగస్టు నెలలో ఒక సాయంకాలము మా సంఘ కార్యాలయములో నూలు పంపిణీ ముగించి చిట్టా వ్రాసికొనుచుండగా, మా పాత సభ్యులొకరు కుమారుని వెంటబెట్టుకొని వచ్చినారు. ఆయన ముప్పది ఏండ్లుగా మా సంఘమునకు నేయుచున్నవారు. ఒక్కనాడైనను అప్పు కొరకు గడప తొక్కినవారు కారు. పొదుపు నిధిలో తమ పేరనున్న సొమ్ములో 70 వేల రూపాయలు కావలెనని కోరినారు. ఎందులకని మేము అడుగగా ఆయన కుమారుని వంక చూచినారు. కుమారుడు డిప్లొమా చదివి పని దొరకక ఇంటనున్నవాడు. అతడు ఫోను తీసి మాకొక బొమ్మను చూపినాడు. గుండ్రని దేహము, పొట్టి కాళ్లు గల ఒక వింత జంతువు.

“ఇవి మూడు కొనాల మామా. వీటితో రోజూ ఆడితే డబ్బు వస్తుంది. ఫిలిప్పీన్సులో ఎందరో దీనిమీదే బతుకుతున్నారు” అన్నాడు.

“అమ్మేది ఏమిటి నాయనా?” అని అడిగినాము.

“ఆటలో వచ్చే నాణేలు మామా.”

“అవి కొనేది ఎవరు?”

“కొత్తగా ఆటలోకి వచ్చేవాళ్లు.”

ఆ మాటవద్దనే మేము ఆగి ఆలోచింపవలసియుండెను. కాని సొమ్ము ఆయనది, కాగితము సక్రమముగానున్నది, నియమము అడ్డురాలేదు. మేము సంతకము చేసినాము. ఆ సంతకమే మా చేత ఈ వ్యాసమును వ్రాయించుచున్నది.

సేలములోనున్నను, షోలాపురములోనున్నను, బరంపురములోనున్నను, యానాములోనున్నను మన ఇండ్లలోని పిల్లలందరి చేతులలోను నేడు ఫోను ఉన్నది. ఆటలోని అంగడి ఆ ఫోనులోనే ఉన్నది. కనుక ఆ అంగడి ఎట్లు నడచునో, అందులో ఎవరు గడింతురో, ఎవరు పోగొట్టుకొందురో మన కులవృత్తి మాటలలో చెప్పుకొనుట అవసరమని తలచినాము. ఇదంతయు మోసమేయని కొట్టివేయుట మా ఉద్దేశము కాదు. అందులో నిజమైన శ్రమయు, నిజమైన బేరమును ఉన్నవి. అందుచేతనే జాగ్రత్త కావలెను.

లేని నాణెమునకు విలువ ఎట్లు వచ్చినది?

1999 మార్చిలో అమెరికాలో ‘ఎవర్‌క్వెస్ట్’ అను కంప్యూటరు ఆట వెలువడినది. వేలకొలది జనము ఎవరి ఇంట వారు కూర్చుండియే ఒక కల్పిత లోకములో ప్రవేశింతురు. అచట రాక్షసులను చంపి నాణెములు, కత్తులు, కవచములు సంపాదింతురు, ఒకరికొకరు అమ్ముకొందురు. ఆ లోకము పేరు నోరాత్. కొంతకాలమునకు తీరిక లేని ధనికులు, తీరిక గలవారు సంపాదించిన వస్తువులను బయటి వేలములలో డాలర్లిచ్చి కొనసాగినారు.

ఎడ్వర్డ్ కాస్ట్రొనోవా అను ఆర్థిక శాస్త్రజ్ఞుడు ఈ వేలపు ధరలను కూర్చి 2001లో ఒక పత్రమును ప్రకటించినాడు. ఆయన లెక్క ప్రకారము నోరాత్‌లో తలసరి ఉత్పత్తి ఏడాదికి 2,266 డాలర్లు. అనగా నాటి రష్యా, బల్గేరియా దేశముల నడుమ నిలుచునంత. అచటి ప్లాటినము నాణెము ఒకటికి సుమారు ఒక సెంటు వెల. నాటి జపాను యెన్ కంటెను, ఇటలీ లీరా కంటెను అది హెచ్చు. ఆటగాడు ఒక గంట ఆడినచో సగటున 3 డాలర్ల 42 సెంట్ల విలువగల సంపాదన చేయుచున్నాడని ఆయన తేల్చినాడు.

పండితులు దీనిని విని ఆశ్చర్యపడినారు. నేతగాండ్రమైన మనకు ఇందులో అంత ఆశ్చర్యము లేదు. చీరకు వెల వచ్చునది నూలుతో మాత్రమే కాదు. ఆసు పోసి, అచ్చు అతికి, నాడె విసరిన దినములు అందులో కలసియున్నవి గనుక వచ్చును. నోరాత్ నాణెమందును అట్లే గంటలు కలసియుండెను. ఒకరి గంటలను మరియొకరు కొనుచుండిరి. ఇంతవరకు అది న్యాయమైన సంతయే.

సాహుకారు అక్కడను ఉన్నాడు

గంటలకు వెల వచ్చినచోటికి గంటలు చౌకగా కొనువాడు రాక మానడు. 2004లో ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ అను మరియొక పెద్ద ఆట వెలువడిన పిమ్మట చైనాలో బంగారు నాణెములు సంపాదించు కార్ఖానాలు లేచినవి. గదినిండ కంప్యూటర్లు, వాటి ముందు కుర్రవాండ్రు. 2007లో ఒక అమెరికన్ పత్రిక నాన్‌జింగ్ నగరములోని అట్టి కార్ఖానాను చూచి వ్రాసినది. రాత్రి పన్నెండు గంటల పని, వారమునకు ఏడు రాత్రులు. నూరు బంగారు నాణెములు కూడబెట్టిన పనివానికి 10 యువాన్లు, అనగా సుమారు డాలరుంబావు. ఆ నూరు నాణెములనే యజమాని అంగడివానికి 3 డాలర్లకు లేక అంతకు పైన అమ్మును. అంగడివాడు అమెరికాలోని, ఐరోపాలోని ఆటగానికి 20 డాలర్ల వరకు అమ్మును.

ఈ మూడు అంకెలను మరొకసారి చదువుడని కోరుచున్నాము. మగ్గము మీద కూర్చున్నవానికి ఒకటింబావు, నూలిచ్చినవానికి మూడు, దుకాణములో గజము చుట్టినవానికి ఇరువది. మన తాతలు కూలినేత నేసిన దినముల లెక్క ఇదియే కాదా? దేశము వేరు, సరకు కంటికి కనబడనిది, అయినను పంపకము మాత్రము మారలేదు.

ఇది చిన్న వ్యాపారము కాదు. మాంచెస్టరు విశ్వవిద్యాలయమునకు చెందిన రిచర్డ్ హీక్స్ 2008లో వేసిన అంచనా ప్రకారము ఈ పనిలో సుమారు 4 లక్షల మంది ఉండిరి. వారిలో అత్యధికులు చైనావారు. ఆటగాండ్రకు ఇట్టి సేవలనమ్ము వ్యాపారము 2009లో 300 కోట్ల డాలర్లని ప్రపంచ బ్యాంకు 2011లో వెలువరించిన నివేదిక చెప్పినది. అయినను ఆ పనివారికి ఒక్క హక్కును లేదు. నాణెములు బయట అమ్ముట ఆట యజమానుల నిబంధనలకు విరుద్ధము. కంపెనీవారు పసిగట్టినచో ఖాతా మూసివేయుదురు. అందలి కష్టార్జితమంతయు ఆ క్షణమే మాయమగును. మన మగ్గమును ఎవడైనను ఎత్తుకొనిపోయినచో పోలీసు ఠాణాకు పోగలము. ఆటలోని మగ్గము మాత్రము ఆడువాని సొత్తు కానేకాదు.

బట్ట చిరిగిననే నేతకు బ్రతుకు

ఇట్టి లోకములలో కొంత క్రమముగా నడచినది ‘ఈవ్ ఆన్‌లైన్’. ఐస్‌లాండు దేశపు సీసీపీ కంపెనీ దీనిని 2003లో ఆరంభించినది. ఆకాశములో తిరుగు ఓడలు, వాటికి కావలసిన ఖనిజములు, వాటి రవాణా, వాటి వ్యాపారము ఇందలి విషయము. ఓడలలో చాల భాగము ఆటగాండ్రు తామే ఖనిజము త్రవ్వి తయారుచేయుదురు. ధరలను వారి బేరమే నిర్ణయించును. ఆ కంపెనీ 2007లో జీతమిచ్చి ఒక ఆర్థిక శాస్త్రజ్ఞుని నియమించుకొన్నది. ఎంత నాణెము పుట్టినది, ఎంత ఖర్చైపోయినది, ధరలెట్లున్నవి అను లెక్కలను ప్రతి నెల ప్రకటించుట అచట అలవాటైనది. సంఘపు ఆదాయ వ్యయముల పట్టికను గోడకు అంటించుట వంటిది ఇది.

ఇందులో మేము ముఖ్యముగా గమనించినది మరియొకటి గలదు. ఈవ్‌లో ఓడ పగిలినచో పోయినట్లే. మరల కొత్తది కొనవలెను. 2014 జనవరి 27, 28 తేదీలలో జరిగిన ఒక మహాయుద్ధములో ‘టైటన్’ అను అతి పెద్ద ఓడలు 75 నాశనమైనవి. నిజమైన డబ్బుతో లెక్కించిన అది 3 లక్షల డాలర్లకు పైబడిన నష్టమని అంచనా వేసినారు. ఒక స్థావరమునకు కట్టవలసిన సొమ్ము గడువునాటికి చెల్లకపోవుటచే ఆ యుద్ధము అంటుకొన్నదట. గడువు తేదీలు మరచు మావంటి కార్యదర్శులకు ఇదొక హెచ్చరిక!

నవ్వులకేమి గాని, ఇందులో ఒక సూత్రమున్నది. సరకు అరగవలెను, చిరగవలెను, పోవలెను. అప్పుడే కొత్త సరకునకు గిరాకి. చీర నూరేండ్లు చిరగనిచో మన బ్రతుకేమి? నాణెమునకును ఇదే న్యాయము. పుట్టు త్రోవ ఉన్నట్లే పోవు త్రోవయు ఉండవలెను. చెరువునకు కాలువ ఒకటే ఉండి తూము లేనిచో కట్ట తెగక మానదు.

మూడు జంతువుల కథ

ఇక మా సభ్యుని కుమారుడు ప్రవేశించిన ఆట సంగతి. దాని పేరు ‘యాక్సీ ఇన్ఫినిటీ’. వియత్నాము దేశపు స్కై మేవిస్ కంపెనీ దాని యజమాని. ఆ దినములలో ఆడవలెనన్న ముందుగా మూడు జంతువులను కొనవలసియుండెను. ఆడి గెలిచినచో ఎస్‌ఎల్‌పీ అను నాణెము వచ్చుచుండెను. దానిని బయటి సంతలో అమ్మి డబ్బు చేసికొనుచుండిరి. కరోనా దినములలో పనులు పోయిన ఫిలిప్పీన్సు ప్రజలు దీనిని గట్టిగా పట్టుకొన్నారు. 2021 చివరికి దినమునకు 20 లక్షల మందికి పైగా ఆడుచుండిరి.

జంతువులు కొనుటకు స్తోమత లేనివారికి ‘మేనేజర్లు’ వాటిని అరువిచ్చుచుండిరి. ఆడువాడు నాణెములు సంపాదించును. వాటిలో పాలు మేనేజరుకు చెల్లించును. దీనికి వారు పెట్టిన పేరు ‘స్కాలర్‌షిప్’. అనగా విద్యార్థి వేతనము! పడుగు, పేక ఇచ్చి బట్ట తీసికొను సాహుకారు పద్ధతికి ఇంత చక్కని పేరు పెట్టవచ్చునని మన పాత సాహుకార్లకు తోచలేదు.

మా కుర్రవాడు సొంత జంతువులే కొన్నాడు. మొదటి నెల 14 వేల రూపాయలు తెచ్చి తండ్రి చేతికిచ్చినాడు. ఆయన ఎండనక వాననక గుంట మగ్గములో కాళ్లాడించి నెలకు తెచ్చుకొను మజూరీ కంటె అది ఎక్కువ. వీధిలో గొప్పగా చెప్పుకొన్నారు. “మనమూ కొందామా?” అని మరి నలుగురు మమ్ము అడిగినారు. రెండవ నెల 9 వేలు వచ్చినవి. పొంగలి పండుగ నాటికి 2 వేలు. అతడు ఆడుట తగ్గించలేదు. రాత్రులు మేల్కొని ఆడినాడు. నాణెములు మునుపటివలెనే వచ్చుచుండెను. వాటి వెల మాత్రము నిలువలేదు. 2021 జూలైలో 30 సెంట్లు దాటిన ఆ నాణెము 2022 మధ్యకు ఒక సెంటు కూడ చేయలేదు.

ఎందుచేత? ఆ నాణెములు ప్రతి ఆటలోను పుట్టుచుండెను. అవి ఖర్చగు త్రోవ దాదాపు ఒకటే: రెండు జంతువులను కలిపి కొత్త జంతువును పుట్టించుట. కొత్త జంతువెవరికి? కొత్తగా వచ్చువానికి. ఆ జంతువులు చావవు, ముసలివి కావు, అరగవు. కొత్తవారి రాక మందగించగానే పుట్టించువారు తగ్గినారు; నాణెములు కుప్పపడినవి. బట్ట కట్టుకొనువాడు ఎవడును లేడు. నేయువారే నూలు కొరకు ఒకరి బట్టను ఒకరు కొన్నారు. ఆనాడు మా కార్యాలయములో కుర్రవాడిచ్చిన జవాబులోనే ఈ సంగతి అంతయు ఉన్నది.

ధర పడిపోవుచున్నదని కంపెనీవారు 2022 ఫిబ్రవరిలో ఒక రకపు ఆటకు నాణెములిచ్చుట పూర్తిగా మానినారు. వారి దృష్టిలో అది నాణెపు విలువ నిలుపు చర్య. ఆడువాని దృష్టిలో అది మజూరీ కోత. సభ లేదు, తీర్మానము లేదు, ఓటు లేదు.

పెట్టె తాళములు

ఆ మార్చి నెలలోనే మరియొక దెబ్బ తగిలినది. ఆటగాండ్ర సొమ్ము దాటు వంతెన వంటి ఖజానా ఒకటి ఉండెను. దానికి నాడు తొమ్మిది తాళములుండెను. ఐదు కలసిననే తెరచుకొనుచుండెను. వినుటకు ఎంత భద్రము! కాని ఆ ఐదింటిలో నాలుగు ఒక్క కంపెనీ యింటనే ఉండెను. దొంగలు అవి నాలుగును, వేరొకటియు సంపాదించి సుమారు 62 కోట్ల డాలర్ల సొత్తు తరలించుకొనిపోయినారు. ఇది ఉత్తర కొరియా దొంగల ముఠా పనియని అమెరికా పోలీసు సంస్థ ఎఫ్‌బీఐ ప్రకటించినది. కంపెనీవారు క్రొత్త పెట్టుబడి తెచ్చి ఆటగాండ్ర సొమ్ము తిరిగి నిలిపినారని న్యాయముగా చెప్పవలెను. అయినను సంఘపు ఇనుప పెట్టె తాళములు అధ్యక్షునివద్ద ఒకటి, కార్యదర్శివద్ద ఒకటి ఎందుకుంచవలెనో సభ్యులకు ఇకమీదట వేరుగా బోధింపనక్కరలేదు.

ఇంకొక ఉదాహరణము. ‘సెకండ్ లైఫ్’ అను లోకములో గింకో అను పేరుతో ఒకరు బ్యాంకు పెట్టి ఏడాదికి నూటికి 40కి పైబడిన వడ్డీ ఇత్తుమన్నారు. 2007 ఆగస్టులో అది కూలినది. డిపాజిటుదారులకు రావలసినది సుమారు 7 లక్షల 50 వేల డాలర్లు. ఆ పిమ్మట 2008 జనవరిలో, ప్రభుత్వ అనుమతి లేనివారెవ్వరును అచట వడ్డీ ఆశ చూపి డిపాజిట్లు తీసికొనరాదని యజమాని కంపెనీ నిషేధించినది. లోకము కల్పితమైనను పోయిన డబ్బు కల్పితము కాదు.

మనము అడుగవలసిన ప్రశ్నలు

పిల్లలను ఫోను ముట్టవద్దనుట మా సలహా కాదు. అది జరుగు పనియు కాదు. ఎవరైనను ఇట్టి ఆటలో డబ్బు పెట్టుమనినప్పుడు నేతగానికి తెలిసిన ప్రశ్నలనే అడుగవలెనని మా మనవి.

ఒకటి, మగ్గమెవరిది? ఖాతా, వస్తువు, నాణెము నీ పేరనున్నవా, లేక యజమాని ఒక్క మాటతో మూసివేయవచ్చునా?

రెండు, బట్ట కట్టుకొనువాడెవడు? నీ సరకును ఆనందము కొరకో అవసరము కొరకో కొనువాడున్నాడా, లేక నీవలెనే మరల అమ్ముటకు కొనువారేనా?

మూడు, నాణెము పుట్టించు చేయి ఎవరిది? ఎంత పుట్టుచున్నది, ఎంత పోవుచున్నది, ఆ చిట్టా అందరికి చూపుచున్నారా?

నాలుగు, పోయిననాడు ఎవరివద్దకు పోవలెను? మన దేశములో ఇట్టి డిజిటల్ ఆస్తుల లాభముపై 2022 ఏప్రిల్ 1 నుండి నూటికి 30 పన్ను వచ్చినది. ఒకదాని నష్టమును వేరొకదాని లాభములో తగ్గించుకొనుటకు వీలు లేదు. డబ్బు పెట్టి గెలుపు ఆశతో ఆడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించుచు 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టము చేసినది. కనుక చేయి పెట్టుటకు ముందే తెలిసినవారిని విచారించుట క్షేమము.

మా సభ్యునికి 70 వేలలో దాదాపు సగము తిరిగి వచ్చినది, తక్కినది పోయినది. ఆయన మమ్ములను ఒక్క మాటయు అనలేదు. అది మాకు మరింత బాధ కలిగించినది. కుమారుడు నేడు ఒక బట్టల దుకాణములో పనిచేయుచు, నెలకు వేయి రూపాయలు తండ్రి పొదుపు ఖాతాలో మరల జమ కట్టుచున్నాడు. ఈ వ్యాసములోని ఆట లెక్కలు మాకు విడమరచి చెప్పినవాడు అతడే. ఆదివారములలో మా సంఘపు చీరల ఫోటోలు తీసి ఫోనులో బేరములు కూడ కుదుర్చుచున్నాడు. ఈ బేరములో కొనువారు చీర కట్టుకొనువారు. మూడు జంతువులును ఇంకను తన ఫోనులోనే ఉన్నవని మొన్న చెప్పినాడు.

మేము మా సంఘ పాలకవర్గములో ఒక తీర్మానము చేసికొన్నాము. పొదుపు నిధి నుండి సొమ్ము కోరు సభ్యుని హక్కును మేము కాదనము. అయితే అది ఆటలకో, కొత్తరకము డిజిటల్ పెట్టుబడులకో అయినచో, పై నాలుగు ప్రశ్నలను కాగితముపై వ్రాసి సభ్యునికి చదివి వినిపించి, మూడు దినముల గడువిచ్చిన పిమ్మటనే చెక్కు వ్రాయుదుము. ఇతర ఊళ్ల సంఘములవారు కూడ ఈ పద్ధతిని పరిశీలింపగోరుచున్నాము. తమ తమ ప్రాంతములలో ఇట్టి అనుభవములు కలిగిన సోదర సోదరీమణులు సిగ్గుపడక ఈ పత్రికకు వ్రాసినచో పదిమందికి మేలు కలుగును.